బావిలో పౌడర్ పోసింది నేనే

నేను, దొంతుల హన్మవ్వను, కీర్తిశేషులు ఆశన్న భార్యను, వయసు డెబ్బై నాలుగు, బోధన్ శివారు నివాసిని. బీపీ ఉంది, మోకాళ్లు పోయాయి, పొయ్యి ఆర్పానా లేదా అని బస్టాండు దాకా పోయి తిరిగొస్తాను. మతి మాత్రం సరిగ్గానే ఉంది. ఎవరి బెదిరింపూ లేకుండా, బెదిరించినా వినకుండా ఈ వీలునామా రాస్తున్నాను. చదివింది నాలుగో తరగతి. తప్పులుంటే అక్షరాలవి, మాటవి కాదు.

1. ముందు నా తప్పు. రెండేళ్ల కింద మనవరాలి పుట్టువెంట్రుకల నాడు నేను చేసిన పచ్చిపులుసు తాగి నలభై మందికి వాంతులు, విరేచనాలు. "హన్మవ్వ చేతులనే విషమున్నది" అని పక్కింటి నాగవ్వ వాడంతా చెప్పింది. పచ్చిపులుసు కాచరు కదా, బావి నీళ్లు ఎట్లుంటే అట్లే కడుపులోకి పోతాయి. సంగతి తేల్చడానికి నిజామాబాదు నుంచి నిషాత్ వచ్చింది. తిండిలో, నీళ్లలో రోగం తెచ్చే క్రిముల మీద పరిశోధన చేసే పిల్ల. చుట్టాలొస్తుంటే వాకిలి ఊడ్చినట్టు, వారం ముందు నుంచే నేను బావిలో బ్లీచింగ్ పౌడర్ పోశాను. మురికి బావి చూసి ఏమనుకుంటుందోనని భయం. వాసన పోవాలని చివరి రెండు రోజులు ఆపాను కూడా. నీళ్లు శుభ్రమని కాగితం వచ్చింది.

2. ఆ కాగితానికి లామినేషన్ చేయించి మహేందర్ తన బెల్లం బట్టీ గోడకు వేలాడేశాడు. వాడు నా మరిది కొడుకు. బట్టీ మురుగు, అక్కడి పాయిఖానా నీళ్లు మా బావి ఊటలోనే కలుస్తాయి. నేను ఏడ్చి నిషాత్‌కు నిజం చెప్పాను. తిట్టలేదు. మూడు నెలలాగి మళ్లీ నీళ్లు పట్టుకుపోయింది. ఈసారి విరేచనాల క్రిమి దొరికింది. "అవ్వా, గిది నీ చేతిది కాదు, బావిది" అన్నది. మహేందర్ ఇప్పటికీ మొదటి కాగితమే చూపిస్తాడు. "పూడ్సేద్దాం పెద్దమ్మా, పీడ పోతది" అంటాడు. పీడ కాదురా, సాక్ష్యం పోతుంది. బావి పూడ్చడానికి వీల్లేదు.

3. ఆ బావి, దాని చుట్టూ నాలుగు గుంటల భూమి, మురుగు కాలువ బురదతో సహా నిషాత్‌కు చెందాలి. బట్టీ మురికిని తిని బతికే సూక్ష్మజీవులు ఆ బురదలోనే ఉన్నాయట. ఎంజైమ్ అనేదొకటి వదిలి ఆ మురికిని ముక్కలు చేస్తాయట. దానితో నీళ్లు బాగుచేయొచ్చా అని చూస్తున్నది. కాకపోతే కాకపోనీ, చూడనివ్వండి. చలికి బురదలో కూర్చుంటుంది కాబట్టి నా గొంగడి కూడా ఆమెకే.

4. మిగిలిన ఎకరం నా కొడుకు వేణుకు. వాడు మహేందర్ ముందు నోరు మెదపడు. అందుకే ఇదంతా జరిపించే బాధ్యత అంగన్‌వాడీ టీచర్ తిరుపతమ్మకు అప్పజెప్పాను. వేణూ, వేళకు తిను బిడ్డా.

5. నాగవ్వకు నా రోలు. సలసల కాగే నీళ్లతో కడిగి ఇవ్వండి. ఏమన్నా అయితే మళ్లీ నా చేతి మీదికే వస్తుంది.

6. నా దినాల భోజనంలో అందరికీ కాచి చల్లార్చిన నీళ్లు పోయాలి. మహేందర్ విస్తరి ముందు మాత్రం ఆ బావి నీళ్లు ఒక గ్లాసు పెట్టాలి. వాడి కాగితం నిజమైతే అందరూ చూస్తుండగా తాగాలి. తాగలేకపోతే ఆ కాగితం గోడ నుంచి దించి తిరుపతమ్మ చేతికివ్వాలి. ఒకవేళ మొండికి పోయి తాగబోతే, వేణూ, వాడి చెయ్యి పట్టుకో. ఎంతైనా ఇద్దరు చిన్నపిల్లల తండ్రి.

తేదీ: 19 జనవరి 2025, బోధన్.

సంతకం (వేలిముద్ర కాదు): దొంతుల హన్మవ్వ

సాక్షులు:
లింగం, రైతు
దస్తగిర్, బోరు మెకానిక్