ఎడమ చక్రం దగ్గర టక్

ఏప్రిల్ 19, శనివారం

గుద్దేశాను.

హనుమాన్ జంక్షన్‌లో లారీకి దారి ఇవ్వబోయి... ముందు ఎడమ చక్రం రోడ్డు పక్క సిమెంటు గట్టెక్కి దిగింది. టీ కొట్టాయన గ్లాసు పట్టుకునే వచ్చాడు. “కొత్తా అమ్మా?” “లైసెన్సొచ్చి మూడేళ్ళు బాబాయ్.” “అయితే గట్టే కొత్తది” అన్నాడు.

చక్రం అంచు గీసుకుపోయింది, అంతే. పాటలు ఆపి, అద్దం దించి, నూజివీడులో మా ఇంటి దాకా చెవులు రిక్కించి నడిపాను. ఏ చప్పుడూ లేదు.

ఏప్రిల్ 20

నాన్నకి చెప్పేశాను. “పోనీలే, మనిషికేం కాలేదు.” అంతే! అమ్మ ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది. “కారుక్కూడా తీశాలే” అంది. నవ్వాను.

ఏప్రిల్ 21

టక్.

బాపులపాడు తోటకి బయలుదేరాం, పక్కన నాన్న. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా ముందు ఎడమవైపు నుంచి — టక్. మూడోసారికి నాన్న తల తిప్పారు. “ఏంటది?” “మొన్న గట్టు తగిలింది కదా...”

ఇంటికి రాగానే తాళం ఆయన చొక్కా జేబులోకి వెళ్ళిపోయింది. మెకానిక్ షెడ్డు దాకా మాత్రమే నడపాలట. చప్పుడు పోతే సరే. పోకపోతే ఈ మామిడి సీజన్‌కి డ్రైవర్‌ని పెట్టుకుంటారు, ఆయనే తోటలు తిరుగుతారు. “నువ్వు కొట్లో కూర్చో.”

తోటలకి నేను వెళ్ళి, కాయ చూసి, రైతుతో మాట్లాడతానని రెండేళ్ళుగా అడిగితే ఈ ఏడు ఒప్పుకున్నారు. పట్టుమని పది రోజులు కాలేదు. డిగ్రీ బీరువాలో, నేను గల్లాపెట్టె వెనకాల... మళ్ళీనా?

ఏప్రిల్ 22

మస్తాన్ గారి షెడ్డు. ఊళ్ళో సగం కార్లు ఆయన చేతిలోవే. నన్ను టీకి పంపి, కారు పైకెత్తి, ఎడమవైపు రబ్బరు బుష్‌లు మార్చారు. తనే నడిపి చూశారు. నేను పక్క సీట్లో. నాలుగు బ్రేకర్లు, నిశ్శబ్దం. “వెన్నలా ఉందమ్మా.”

నేను ఇంటికి తెస్తుంటే, మా వీధి మలుపులో... టక్.

ఏప్రిల్ 24

మళ్ళీ షెడ్డు. బోల్టులన్నీ బిగించారు. ఆయన నడిపితే ఏమీ లేదు. నేను ఇంటికి తెస్తే టక్.

అన్నం దగ్గర నాన్న: “మస్తాన్ నడిపితే రాదు, నువ్వు నడిపితే వస్తుంది. ఏంటమ్మాయ్, కారుకి నువ్వంటే భయమా?” ఆయనొక్కరే నవ్వుకున్నారు. అమ్మ ఎందుకో కంచం వైపే చూస్తోంది.

ఏప్రిల్ 25

నాన్న ఫోన్‌లో ఎవరితోనో డ్రైవర్ గురించి. తలుపు వేసుకోలేదు. నేను వినాలనేమో.

ఏప్రిల్ 26, శనివారం

కొట్లో ఉన్నాను. బంగినపల్లి బుట్టలో సగం కాయల మీద నల్ల మచ్చలు. తెచ్చిన ఆటో అతన్ని గుమస్తా అందుకున్నాడు — “బుట్ట విసిరేశావా ఏంటి?” నాన్న ఒక కాయ తీసి వేలితో తడిమారు. “ఆగవయ్యా. మచ్చ చెట్టు మీదున్నప్పుడు పడిందా, కోశాక పడిందా? ముందు అది తేలాలి. తేలకుండా ఎవర్ని తిట్టినా తప్పే.”

చెట్టు మీదదే. కొమ్మ రాసుకుని ఎండిపోయిన మచ్చ. ఆటో అతను బతికిపోయాడు.

ఇంటికొచ్చి ఈ పుస్తకం వెనక్కి తిప్పాను. 19, నా చేతి రాత: ‘ఏ చప్పుడూ లేదు.’ గట్టు తగిలాక ఇరవై కిలోమీటర్లు నడిపాను. ఇరవై ఒకటో తేదీన టక్!

అంటే గట్టు కాదు. ఇది కోశాక పడిన మచ్చ. మధ్యలో ఉన్నది ఒక్క ఆదివారం. కారు ఇంట్లోనే ఉంది. కారుని ఎవరు ముట్టుకున్నారు?

ఏప్రిల్ 27, ఆదివారం. అమావాస్య

అమ్మ!

పొద్దున్నే కారు ముందు గొంతుక్కూర్చుని, బంపర్ ఎడమ మూల కిందకి చెయ్యి పెట్టి తడుముతోంది. చేతిలో కొత్త నల్లగుడ్డ. నేనూ వంగి చూశాను. మామిడి టెంకంత పటిక ముక్క, నల్లగుడ్డలో మూటకట్టి, జానెడు తాడుతో వేలాడుతోంది. వేలితో ఊపాను. బంపర్‌కి తగిలి — టక్.

“దిష్టికి కట్టి వారమైంది కదే. అమావాస్యకి మార్చాలి.”

నేల మీద కూలబడి నవ్వాను. అమ్మ నవ్వలేదు. చప్పుడు దీనిదేనేమోనని గురువారమే అనుమానం వచ్చిందట. విప్పితే నీకేమన్నా అవుతుందేమోనని... నోరు విప్పలేదట. “నన్ను ఇంట్లో కూర్చోబెడదామనా?” గట్టిగానే అన్నాను. “నువ్వు ఆగిపోవాలని కట్టలేదే. వెళ్ళి క్షేమంగా రావాలని కట్టాను.”

అమ్మ చేతిలోంచి నల్లగుడ్డ అందుకున్నాను.

మస్తాన్ గారికి ఫోన్. “చూశానమ్మా, రెండుసార్లూ చూశాను. ఇంట్లోవాళ్ళు నమ్మి కట్టింది, దానికి గ్రీజు అంటించకూడదు కదా? శుభ్రంగా విప్పి పేపర్లో పెట్టేవాణ్ణి. నడిపి చూసొచ్చి, మీరు బయల్దేరే ముందు చేతులు కడుక్కుని మళ్ళీ కట్టేవాణ్ణి.” అంతలోనే — “యా అల్లా... అదేనా?”

ఏప్రిల్ 28

పటికని లోపల డాష్‌బోర్డులో పెడదామన్నాను. “దిష్టి లోపలికొచ్చాక ఆపుతుందా?” అంది అమ్మ. సరే. దూది చుట్టాం, తాడు బెత్తెడుకి తగ్గించాం, ఊగకుండా రెండు వైపులా బిగించి కట్టాం. ముడి నేను వేశాను, అమ్మ లాగి చూసింది.

సాయంత్రం నాన్న పక్క సీట్లో కూర్చున్నారు, చెవి కిటికీ వైపు పెట్టి. ఆరు బ్రేకర్లు. ఏమీ లేదు. అంతా చెప్పేశాను. ఆయన ముందు అమ్మ మీద, తర్వాత మస్తాన్ గారి మీద, చివరికి తన మీద తనే నవ్వుకున్నారు. దిగేటప్పుడు మాత్రం — “నాలుగోది కొంచెం స్పీడుగా ఎక్కించావ్.”

నిజమే. ఎక్కించాను.

రేపు ఉంగుటూరు దగ్గర చిన్నరసాల తోట చూడాలి. రైతు ఏడింటికల్లా రమ్మన్నాడు. అమ్మ వంటింట్లోంచి అడిగింది: “టిఫిన్ ఒక డబ్బా కట్టనా, మీక్కూడా కలిపి రెండా?” నాన్న పేపరు మడిచారు. “పొద్దున చూద్దాంలే.”

జేబులోంచి తాళం తీశారు. ఎప్పటిలా గోడ మేకుకి తగిలించలేదు, నా చేతికీ ఇవ్వలేదు. బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్ళారు.

అమ్మ రెండు డబ్బాలూ కడిగి బోర్లించింది. ఒకటి కొంచెం ముందుకి జరిపినట్టుంది...