రాజనర్సు మొహం

సిరిసిల్ల,
8 నవంబర్ 1991.

కోరుట్లలో ఉన్న చెల్లె లీలకు మార్కండేయులన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమమని మొదలుపెట్టాలి. మీ ఇంట్లో ఇప్పుడు ఆ మాట చదివే ఓపిక ఎవరికుంటుందని వదిలేస్తున్నాను.

నీ ఉత్తరం అందింది. దినాలకు గోడకు పెడదామంటే మీ అన్న రాజనర్సు ఫొటో ఒక్కటీ లేదని రాశావు. ఎట్లా ఉంటుంది? వాడు అడవిలోకి పోయిన వారమే మీ అమ్మ, కనకవ్వ పెద్దమ్మ, వాడున్న మూడు ఫొటోలూ పొయ్యిలో పెట్టింది, పోలీసుల చేతికి చిక్కొద్దని. అందులో నీ పెండ్లి ఫొటో కూడా కాలిందని నువ్వు రెండు రోజులు అన్నం మానేశావు.

ఇప్పుడు పెద్దమ్మ, "మార్కండేయులు పత్రికలల్ల బొమ్మలేస్తడు గదా, నా కొడుకును గీసియ్యమను బిడ్డా" అన్నదట. ఆమె అడగాల్సిన మాటే. నూలు కండెలు చుడుతూ ఏదో గుర్తొచ్చి ఆగిపోయే మా అమ్మ చేయి, కరెంటు వస్తే బట్ట నేయాలని సాంచెల ముందు కూర్చున్న మనుషులు, ఇవే నా బొమ్మలు. ఊహించి గీయడం నాకు చేతకాదు. కథ ఎవరు రాసినా మొహాలు మాత్రం మనవాళ్లవే వేస్తాను.

మూడు రోజులుగా కూర్చుంటున్నాను. కళ్లు వస్తున్నాయి, ఎడమ కనుబొమ్మ మీది గాటు వస్తోంది. పెద్దమ్మ గుర్తుపట్టేంత దాకా రాగానే చింపేస్తున్నాను. నాకు చేయి పడిపోయిందని చెప్పు, పొగరెక్కిందని చెప్పు. ఇక నేను బొమ్మలు వేయను. సాంచెల మీద పనికి కుదిరాను.

ఇట్లు,
మార్కండేయులు.

తా.క.: అంటించిన కవరు మళ్లీ విప్పాను. ఉగాది సంచికలో ఒక కథకు నేను రాజనర్సునే వేశాను, చాయ్ తాగుతూ నవ్వుతున్నట్టు. ఎవరు పోలుస్తారులే అనుకున్నాను. దసరా ముందు ఒకాయన నా బొమ్మలంటే ఇష్టమని ఇంటికొచ్చి, "మంచిగున్నది గని గిసొంటి మనిషి యాడుంటడు, ఉత్త ఊహనే గదా" అన్నాడు. నాకు పౌరుషం వచ్చింది. "ఊహ గాదు సార్, గీయన మా దోస్తు. అచ్చం గిట్లనే ఉంటడు" అన్నాను. వాడి పేరు చెప్పలేదు. పేరు వాళ్ల దగ్గర ముందే ఉంది, మొహమే లేదు. మేడిపల్లి దగ్గర రాజనర్సు శవాన్ని చూడ్డానికి పోతే పోలీసుల మధ్య ఆయనే నిలబడి ఉన్నాడు. ఉగాది సంచికలోని ఆ పేజీని వాడి మొహం పక్కన పెట్టి పోల్చుకుంటున్నాడు. నన్ను చూసి, "మంచిగ గీసినవ్" అన్నాడు. ఒక్క గీత కూడా తప్పు పోలేదు లీలా. ఇది పెద్దమ్మకు చదివి వినిపించు.