తమ్ముడి వేలిముద్ర

మెట్టుగూడ, సికింద్రాబాద్.

మరదలు కల్పలతకు వదిన ఊర్మిళ దీవెనలు.

ఇక్కడ బాగానే ఉన్నామని రాయాలి గానీ, తమ్ముడు వేణుమాధవ్ పోయి ఇంకా నెల కాలేదు. తింటున్నాను, పడుకుంటున్నాను, అంతే. మీ అమ్మగారి మోకాళ్ల నొప్పులు నెమ్మదించాయని తలుస్తాను.

"పవర్ కాగితం మీ దగ్గరే ఉంది కదా, ఇన్సూరెన్స్‌కు నా సంతకం ఎందుకు?" అని అడిగావు. మాట ఉన్నప్పుడే వేణుమాధవ్ నా పేర పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చాడు కాబట్టి నేనూ అదే అనుకున్నాను. ఆఫీసులో మేడమ్, "అమ్మా, మనిషి ఉన్నన్ని దినాలే ఆ పవర్. ఆయన పోయిండు, అది సుత పోయింది. నామినీ భార్యనే, పైసలు ఆమెకే వస్తయ్" అంది. నువ్వు వెళ్లిపోయి ఆరేళ్లయినా పాలసీలో నీ పేరు అలాగే ఉంది.

నిజం చెప్పొద్దూ, ఒళ్లు మండింది. పక్షవాతంతో మంచాన పడ్డ రెండేళ్లూ వాడి కింద ఎత్తిపోసింది నేను. నువ్వు ఒక్కసారి వచ్చి చూడలేదు. ఎలా వస్తావులే. వాడు తాగి నిన్ను కొట్టిన రోజుల్లో పక్క గదిలో తలుపు వేసుకుని కూర్చున్నదాన్ని, నిన్ను అడిగే ముఖం నాకు లేదు.

ఇన్నాళ్లూ దాచిన సంగతి ఒకటుంది. వాడు పోవడానికి రెండు మూడు రోజుల ముందు, నామినీగా నా పేరు పెట్టే ఫారం నింపి, వాడి తరఫున నేనే సంతకం చేసి ఇచ్చాను. "మీ పేరు మీరే రాసుకుంటే చెల్లదు, ఆయన వేలిముద్ర కావాలి" అని తిప్పి పంపారు. ఇంటికొచ్చి ఇంకు ప్యాడ్ తీశాను. మాట పడిపోయిన మనిషి పిడికిలి బిగించాడు. "జెర వేలు ఇయ్యిరా, నాకేం దిక్కుంది?" అని బతిమాలాను. ఇవ్వలేదు. వేళ్లు ఒక్కొక్కటే విడదీసి ముద్ర వేయించాను. వాడు ఏడ్చాడు. ఆ ఫారం ఆఫీసులో ఇవ్వకముందే, మూడో రోజు పోయాడు. చివరి స్నానం చేయించినా బొటనవేలి నీలం వదల్లేదు.

నిన్ను కొట్టిన కుడిచెయ్యి ఎప్పుడో పడిపోయింది కల్పలతా. మిగిలిన చేత్తో నీ పేరు కాపాడాలని చూశాడు. అందుకని వాణ్ని క్షమించమని నేననను.

నిన్న ఏజెంట్ దుర్గేష్ వచ్చి, "అక్కా, గా ఫారం మీద పాత తేదీ ఏసి ఇచ్చెయ్, పరేషాన్ గాకు, నేను చూస్కుంటా" అన్నాడు. సరేనన్న మాట నోటిదాకా వచ్చింది.

ఆ ఫారం ఈ కవరులోనే పెట్టాను. నా దగ్గరుంటే నన్ను నేనే నమ్మలేను. నీ చేత్తో చింపెయ్. క్లెయిం కాగితం మీద సంతకం పెట్టి పంపు. నాకేమైనా ఇవ్వమని అడగను. ఇస్తే వద్దనేంత మంచిదాన్నీ కాదు.

ఇట్లు,
నీ ముందు తల దించుకున్న
వదిన ఊర్మిళ