మోతి నేర్చుకున్న వాసన

ఎల్లారెడ్డి,
18 నవంబరు 2025

అజయ్ గారికి,

మా ప్రణీతకు మూర్ఛ రాకముందే వాసన పట్టి, పిల్ల మీద కాలు పెట్టి చెబుతుందని మీరు శిక్షణ ఇచ్చిన కుక్క మోతిని మాకు అప్పగించి వెళ్లారు. అది నమ్మి మా కోడలు సోమవారం నుంచి ప్రణీతను కుక్క తోడుతోనే బడికి పంపుతానంటోంది. నాకు నమ్మకం లేదు. అందుకే రాస్తున్నాను.

నిన్న పక్కింటి గంగమణి మనవడికి స్నానం చేయించి సాంబ్రాణి పొగ వేసింది. మోతి పరుగున వెళ్లి పసివాడి మీద కాలు పెట్టింది. "ఏందవ్వా, మా పోరనికి గూడ ఫిట్స్ వస్తయా?" అని ఆమె వాడిని గబుక్కున ఎత్తుకుంది. వాడికేమీ కాలేదు.

ప్రణీతకు మూర్ఛ వచ్చినప్పుడల్లా నేను దిష్టి తీసి, సాంబ్రాణి వేశాకే చెమట తుడిచి, మోతికి వాసన నేర్పడానికి ఆ గుడ్డలు మీకు పంపాను. మోతి నేర్చుకున్నది ఆ పొగ వాసనే అనుకుంటున్నాను. ఆ వాసన మీకు తెలియలేదా, తెలిసీ ఊరుకున్నారా?

ఇక జరగవలసినవి:

1. పాత గుడ్డలన్నీ పారేయండి.
2. ఈసారి పొగ వేయను. చెమట తుడిచిన గుడ్డను సీసాలో మూసి పంపుతాను.
3. మళ్లీ నేర్పాక పరీక్ష మా ఇంట్లోనే జరగాలి. మోతి మీ సైగ చూడకుండా మీరు బయట నిలబడాలి.
4. కుక్క ఇంకా నేర్చుకోలేదని మా కోడలికి మీరే చెప్పండి. నేను చెబితే చాదస్తమంటుంది. అంతవరకు ప్రణీత చెయ్యి పట్టుకుని బడికి నేనే తీసుకెళ్తాను.

ఇట్లు,
ప్రణీత నానమ్మ