హెడ్ లేచిపోతోంది

గాస్కెట్ల కంపెనీ ఫిర్యాదుల విభాగం వారికి,

రేసు షెడ్డు మేస్త్రీ నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం, ఇంజను ఒక్కటే క్షేమంగా లేదు. మా రేసు బండికి సందు మూసే మీ గాస్కెట్ వేశాను. ఇంజను బ్లాకుకీ హెడ్‌కీ మధ్య గాలి కూడా దూరదని డబ్బా మీద రాశారు. గాలి సంగతి దేవుడెరుగు, మంటే బయటికొస్తోంది! నిదానంగా నడిపినంతసేపూ హెడ్ బుద్ధిగా కూర్చుంటోంది. వేగం అందుకుని వేడెక్కిందో, లేచిపోతోంది. నేను బిగించని చోటు లేదు.

మూడు వారాల్లో పోటీ. పోయిన రెండు పోటీల్లోనూ బండి సగంలో ఆగిపోయింది. ఈసారీ ఆగితే ఇంజను వేరే షెడ్డుకు ఇచ్చేస్తానని బండి యజమాని మొహం మీదే చెప్పాడు. ఆ తర్వాత మేం నలుగురం సైకిళ్లకు పంక్చర్లు వేసుకోవాలి. తొందరగా ఏదో ఒకటి చెయ్యండి.

మీ జవాబు కోసం కాచుకున్న
మేస్త్రీ

తా.క.: మధ్యలో రాగి రింగు పెడితే ఇక లేవదని ఒకాయన అన్నాడు. పెట్టెయ్యమంటారా?

*

మేస్త్రీ గారికి,

మీ ఉత్తరం చేరింది, చేరినట్టు ముద్ర కూడా పడింది. అందులో గాస్కెట్ గురించిన రెండు వాక్యాలను కత్తిరించి ఫ్యాక్టరీకి పంపాం. మిగిలినదంతా మా విభాగం హెడ్ మేడంగారి గురించి కనుక నేనే జవాబు రాస్తున్నాను. పదకొండేళ్లు సిబ్బంది క్రమశిక్షణ విభాగంలో పనిచేసి, పోయిన వారమే ఇటు బదిలీ అయ్యాను. ఇలాంటివి నాకు కొత్త కాదు.

మేడంగారికి యాభై మూడేళ్లు. పెళ్లి చేసుకోలేదు. పదింటికి కూర్చున్నారంటే అయిదింటిదాకా కుర్చీలోంచి కదలరు. అలాంటి మనిషిని పట్టుకుని "లేచిపోతోంది" అని రాయడానికి మీకు చేతులెలా వచ్చాయండీ? అందులోనూ ఏకవచనం! "లేచిపోతున్నారు" అని ఉండాలి. విచారణ మొదలైంది.

విధి నిర్వహణలో,
ఫిర్యాదుల గుమాస్తా

తా.క.: ఎక్కడెక్కడ బిగించారో, రింగు ఎవరికి పెడతారో, ఆ సొంత వ్యవహారాలు రాయకండి. ఫైలు నలుగురూ చూస్తారు.

*

గుమాస్తా గారికి,

మహాప్రభో, మీ మేడంగారెవరో నాకు తెలీదు! హెడ్ అంటే ఇంజను నెత్తిన ఉండే మూత. దానికి యాభై మూడేళ్లు కాదు, మూడేళ్లు. దానికి కూడా "గారు" తగిలించమంటారా? లోపల పేలుడు జోరుకి మూత పైకి లేస్తుంది, ఆ సందులోంచి నీళ్లు వెళ్లి నూనెలో కలుస్తాయి. నిన్న మళ్లీ విప్పాను. నూనె పాలలాగా తెల్లబడింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. పోటీకి పదిరోజులే ఉంది. దయచేసి రింగు సంగతి చెప్పండి.

విసిగిపోయిన
మేస్త్రీ

తా.క.: రింగు నా సొంత వ్యవహారం కాదు. నాకు పెళ్లయింది.

*

మేస్త్రీ గారికి,

మీకు పెళ్లయిన సంగతి నమోదు చేశాం. దాంతో నేరం ఇంకా పెద్దదైంది.

మీరన్న హెడ్ ఇంజనుదే అయి ఉండొచ్చు. కానీ ఫైలు మేడంగారి మీద తెరిచేశాం. తెరిచిన ఫైలు మూయాలంటే హెడ్ సంతకం కావాలి. హెడ్ ఆవిడే. కనుక ఆవిడ మీది ఫైలు ఆవిడకే పెట్టాను. మేడంగారు మీ ఉత్తరాలు రెండూ చదివారు. గదిలోంచి పెద్దగా నవ్వు వినిపించింది. ఈ ఆఫీసులో ఇంతకుముందు ఆ నవ్వు విన్నవాళ్లు లేరట. తర్వాత మీ ఉత్తరాలు పట్టుకుని, సంచి తగిలించుకుని, మూడింటికే లేచిపోయారు. అంటే, కుర్చీలోంచి లేచి, వెళ్లిపోయారు. ఖర్మ, నేను కూడా మీలాగే రాస్తున్నాను!

నాలుగు రోజులైంది, ఆవిడ జాడ లేదు. మూడు ప్రశ్నలకు జవాబివ్వండి. ఆవిడ మీ దగ్గరికి వచ్చారా? రింగు ఎవరు పెట్టారు? ఎప్పుడు తిరిగొస్తారు?

కంగారులో ఉన్న
గుమాస్తా

తా.క.: గాస్కెట్ గురించిన మీ రెండు వాక్యాలూ ఫ్యాక్టరీ నుంచి తిరిగొచ్చాయి. "మాకు సంబంధం లేదు" అని రాశారు.

*

గుమాస్తా గారికి,

మేస్త్రీ చేతులు నూనెలో ఉన్నాయి, అందుకని నేనే రాస్తున్నాను.

వచ్చాను. రింగు కూడా నేనే పెట్టాను, బ్లాకులో సన్నటి గాడి కోయించి, నా చేత్తో. పాతది తీసేసి, రాగి గాస్కెట్‌ను ఎర్రగా కాల్చి, చల్లార్చి, మెత్తబరిచి వేశాను. నడిమి బోల్టు నుంచి అంచులదాకా విడతలవారీగా బిగించాను. ఎక్కడెక్కడ బిగించానో ఫైల్లో రాసుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

ఈ పని నాకు కొత్త కాదండీ. మన ఫ్యాక్టరీలో గాస్కెట్లు తయారుచేసే పనిలోనే చేరాను. బాగా చేస్తోందని మెచ్చుకుని, కుర్చీలో కూర్చోబెట్టి, పంతొమ్మిదేళ్లు నన్ను గాస్కెట్ ముట్టనివ్వలేదు. ఎంత బాధపడ్డానో నాకే తెలుసు.

ఆదివారం బండి ఆఖరి చుట్టుదాకా తిరిగింది. రెండో స్థానం. మేస్త్రీ హెడ్ మీద చెయ్యి పెట్టి, కాలుతున్నా తియ్యకుండా ఏడ్చాడు. నాకూ కళ్లనీళ్లు ఆగలేదు. ఇంజను ఈ షెడ్డులోనే ఉంటుందని యజమాని చెప్పాడు. నేనూ ఇక్కడే ఉంటాను.

మూడో ప్రశ్నకు జవాబు: రాను. హెడ్ లేచిపోయిందని రాసి ఫైలు మూసెయ్యండి. ఏకవచనమే ఉంచండి.

ఇక ఎవరికీ హెడ్ కాని,
మీ మేడం

తా.క.: నా కుర్చీ మీకే ఇస్తారని విన్నాను. దాని ఎడమ కాలు ఊగుతుంది. మీరే బిగించుకోండి. ఫిర్యాదు మాత్రం రాయకండి, మళ్లీ మీ దగ్గరికే వస్తుంది.