కళ్లు పెట్టని బొమ్మ

బాపూ,

మన సిద్దిపేటలో జానపద మ్యూజియం పెడుతున్నారు. దాని లోగో, బోర్డులు, టికెట్లు అన్నీ నేనే డిజైన్ చేస్తున్నాను. లోగోకి నువ్వు చేసిన, కల్లు గీసే గౌండ్లాయన మాస్కునే తీసుకున్నాను. అదే, నువ్వు రంగులన్నీ వేసి, కళ్లు పెట్టకముందే పోయావు చూడు, అది.

మ్యూజియం సారుకు తెగ నచ్చింది. "కండ్లు లేకుంటేనే మాడ్రన్‌గ ఉన్నది, గిట్లనే ఉంచు" అన్నాడు.

"గట్లెట్ల సార్? కండ్లు పెట్టని బొమ్మ మా ఇంట్ల గడప దాటది" అన్నాను. నవ్వాడు. రేపే అచ్చుకు పోవాలట.

పొద్దున్నుంచి కంప్యూటర్ ముందే ఉన్నాను. కళ్లు పెడుతున్నాను, చెరిపేస్తున్నాను. ఒకసారి దొంగచూపు వస్తుంది, ఒకసారి ఏడుపు ముఖం. కళ్లు పెట్టే వేళకు నువ్వు "జర బయటికి పోండ్రి" అని, కట్టుకున్న అవ్వతో సహా అందరినీ పంపించేవాడివి. నీ చేయి ఎటు తిరిగేదో నేను ఒక్కసారీ చూడలేదు. నీ మీద కోపం వస్తోంది బాపూ.

ఇందాక అవ్వ చాయ్ తెచ్చి నా వెనక నిలబడింది.

"అవ్వా, జర బయటికి పో" అన్నాను విసుగ్గా.

ఆమె చాయ్ అక్కడ పెట్టి, నీకు వేసినట్టే తలుపు దగ్గరికి వేసి వెళ్లింది.