పప్పు ఉడికే నీళ్లు

మార్చి 9, 1988. కామారెడ్డి

ఎల్లారెడ్డి అవతలి ఊళ్లో బోరింగు నీళ్లకు పరీక్ష చేశారు. ఫ్లోరైడ్ హద్దు దాటి ఉందట. నిన్న అక్కడే ఒక గ్లాసు పట్టి ఎండకు ఎత్తి చూశాను. ఏమీ లేదు. వాసన లేదు. రుచి మాత్రం... మంచి రుచి. ఇన్నేళ్లుగా విలేకరిగా కంటికి కనిపించింది రాసి బతుకుతున్నవాణ్ణి. దీన్ని ఎట్లా రాయాలి?

మార్చి 11

మళ్లీ అదే ఊరు. బోరింగుకు ఎదురిల్లు షరీఫాది. భర్త మస్కట్‌లో. పెద్దకొడుకు ముందుపళ్ల మీద అడ్డంగా గోధుమరంగు చారలు. "తోమడు సాబ్, ఒట్టి సోమరి" — వాడి నానమ్మ చాంద్‌బీ. వాడికి రోషం వచ్చింది. బొగ్గుపొడి తెచ్చి నా ముందే రుద్దాడు. చారలు పోలేదు.

షరీఫా చంకలో చిన్నది. ఏడాది నిండలేదు. కింది చిగురు మీద రెండు పాలపళ్లు, తెల్లగా.

మార్చి 12

పళ్ల డాక్టరు దగ్గర కూర్చున్నాను. చంటిపిల్లల చిగురు లోపల, పాలపళ్ల కింద, అసలు పళ్లు ఇప్పుడే తయారవుతుంటాయట. ఈ నెల తాగిన నీళ్లు కొన్నేళ్లకు పంటి మీద బయటపడతాయి. అంటే పెద్దవాడి చారలు వాడు పాకే రోజుల నాటివి. తోముడుకు ఎట్లా పోతాయి?

మళ్లీ అడిగాను. మళ్లీ అదే చెప్పాడు.

మార్చి 13

డాక్టరు చెప్పిన ఇంకో మాట. కొన్ని దేశాల్లో ఈ ఫ్లోరైడ్‌నే కొద్దిగా, కొలిచి, ఊరి నీళ్లలో కలుపుతారు, పళ్లు పుచ్చకుండా. అక్కడా గొడవే — నన్ను అడగకుండా నా నీళ్లలో ఎందుకు కలిపారని. ఇక్కడ కలిపింది భూమి లోపలి రాయి. కొలవలేదు. ఎవరినీ అడగలేదు.

మార్చి 17

ఊరి పాతబావి నీళ్లు బాగున్నాయని అదే పరీక్షలో తేలింది. మరి బావిని ఎందుకు వదిలారు? పొద్దంతా అడిగాను. అందరిదీ ఒకటే జవాబు — పప్పు.

చాంద్‌బీ పొయ్యి ముందు కూర్చోబెట్టి చూపించింది. బోరింగు నీళ్లలో కందిపప్పు వెన్నలా అయిపోయింది. బావి నీళ్లలోది పలుకు పలుకుగానే ఉంది. "పప్పు ఉడికితే మంచినీళ్లు, ఉడకకుంటే కావు. మా అత్త చెప్పింది, ఆమెకు ఆమె అత్త చెప్పింది. నీ డాక్టరు ఎన్నడన్న పప్పు వండిండా?"

ఆమెకు ఒక్క పన్ను లేదు. మెత్తటి పప్పే తిండి.

మార్చి 22

ఊరి మీటింగు. బోరింగు మూయాలా వద్దా. సర్పంచి టూత్‌పేస్టు గొట్టం పైకెత్తి చూపించాడు. "గిండ్ల కూడ అదే ఉన్నదట! పట్నపోళ్లు పైసలు పెట్టి కొంటుండ్రు. మనకు ఉత్తగనే వస్తుంటే మూస్తరా?" ఒకటే నవ్వులు. వెనక నుంచి ఎవరో — "అయితే నీ పళ్లు సూపియ్యి సర్పంచి సాబ్!" ఇంకా నవ్వులు. ఆయన నోరు తెరవలేదు.

కొద్దిగా అయితే మందు, ఎక్కువైతే కీడు అని, చంటిపిల్లల పళ్ల సంగతీ చెప్పాను. "ఎంత ఎక్కువనో నాలుకకు ఎట్ల తెలుస్తది?" — షరీఫా. ఆడవాళ్లలోంచి లేచిన గొంతు అదొక్కటే. నాలుకకు తెలియదని చెప్పాను.

బోరింగు మూయలేదు.

మార్చి 23

వార్త పంపాను. ఒక్క విశేషణం లేకుండా.

మార్చి 30

షరీఫా చిన్నదాని కోసం బావికి పోతోంది. ఒక బిందె. దారిలో మాటలు పడుతున్నాయి. "నవాబు బిడ్డ! బోరింగు నీళ్లు పడయట." పెద్దవాడు కూడా అదే బిందెలోంచి తాగుతున్నాడు, చెల్లెలిని చూసి.

ఏ నీళ్లతో వండాలనే అత్తాకోడళ్ల పంచాయితీ ఇట్లా తెగింది. ఇక ఇంట్లో ఒకటే పప్పు, బావి నీళ్లతోనే. పలుకు తగిలితే చాంద్‌బీ రోట్లో నూరుకుంటుంది. "నాకు పళ్లు ఉన్నయేంది పోనీకి? దానికి రావాలె." రుబ్బుతూ కోడల్ని తిడుతూనే ఉంది.

చూస్తూ నిలబడ్డాను. ఇంకా కొన్నేళ్ల తర్వాత గానీ కనిపించని పళ్ల కోసం ఒక ముసలమ్మ పప్పు నూరుకుంటోంది.

ఏప్రిల్ 4

పేపరు డెస్క్ నుంచి ఫోను. "నీళ్ల వార్త చిన్నది చేశాం, చోటు లేదు."

ఏప్రిల్ 21

ఎండలు. బావి అడుగున బురద. చేద వేస్తే మట్టి వచ్చింది. షరీఫా గట్టు మీద కూర్చుని ఉంది, పక్కన ఖాళీ బిందె. చంకలో చిన్నది ఏడుస్తోంది, పెదాలు ఎండిపోయి. బోరింగు దగ్గర మాత్రం జనం, ఇనుప చప్పుడు, నీళ్లు.

"నువ్వే చెప్పు అన్నా. ఇయ్యాల దీనికి ఏం తాపాలె?"

సంచిలో సీసా ఉంది, సగం నీళ్లు. తీసి ఇచ్చాను. పిల్ల గటగటా తాగింది. షరీఫా సీసాను వెలుతురుకు ఎత్తి చూసింది.

"ఇవి ఏడియి?"

కామారెడ్డివి, మా ఇంటివి అన్నాను.

"పరీక్ష చేయించినవా?"

లేదు.